పదిహేడో చెరువు చీటీలు

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ తెర మీద సున్నా చూసి సు-యిన్ మురిసిపోయింది. క్యూలో మిగిలిన చీటీలు: సున్నా. ఆ అంకె కోసం మూడు నెలలుగా ఆమె పడిన పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

తైవాన్‌లో బెయ్‌మెన్ తీరాన చేపల రైతుల సంఘం ఆఫీసు ఆమెది. కార్యదర్శి హోంగ్ గారు, సు-యిన్, ఒక పాత ఫ్రిజ్, ఇంతే ఆఫీసంటే. సంఘం కింద అరవై రెండు చెరువులు. అన్నిట్లోనూ పాలబొంత చేపలే. పాలబొంతకి చలంటే గిట్టదు. నీళ్ళు పద్నాలుగు డిగ్రీల కిందికి దిగితే మేత మానేస్తుంది, పది దాకా దిగితే మాత్రం పొట్ట పైకి పెట్టి తేలిపోతుంది. అందుకే ఉత్తరపు గాలి కొట్టే రోజుల్లో రైతు గట్టు దిగడు. బోరు మోటారు వేసి భూమిలోంచి వెచ్చటి నీళ్ళు తోడుతూ, మధ్యమధ్యలో మోటారుకి డీజిలు పోస్తూ అక్కడే కూర్చుంటాడు. పెళ్ళయినా చావయినా చలి తగ్గాకే అన్నమాట.

ఈ కాపలా తప్పిద్దామనే సంఘం చెరువుకో పెట్టె పెట్టించింది. పెట్టెకి ఒక తీగ, తీగ చివర నీళ్ళలో మునిగే సూది. ఐదు నిమిషాలకోసారి పెట్టె ఒక చీటీ రాసి పంపుతుంది: ఫలానా చెరువు, ఫలానా తేదీ, ఫలానా టైము, నీళ్ళు ఇన్ని డిగ్రీలు. కాగితం చీటీ కాదు లెండి, మెసేజ్. అరవై రెండు చెరువుల చీటీలూ ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న ఒక క్యూలో వచ్చి నిలబడతాయి. సు-యిన్ రాసిన ప్రోగ్రామ్ ఆ క్యూ దగ్గరికి వెళ్ళి పదేసి చీటీలు తీసుకుంటుంది, చదువుతుంది, చలి ఎక్కువుంటే ఆ రైతుకి ఫోన్ చేస్తుంది, రిజిస్టర్లో రాసుకుంటుంది. చివరికి "అయిపోయింది, చింపెయ్" అని క్యూకి చెబుతుంది. చెప్పేదాకా క్యూ ఆ చీటీని చింపదు. ముప్పై సెకన్లు చూసి, తీసుకున్నవాడు పోయాడేమో అనుకుని మళ్ళీ వరసలో పెడుతుంది.

మొదటి తంటా అక్కడే వచ్చింది. సు-యిన్ ప్రోగ్రామ్‌కి పది చీటీలు చదివి ఫోన్లు చేసేసరికి నలభై సెకన్లు పట్టేది. ఈలోగా క్యూ అవే చీటీలు మళ్ళీ చేతిలో పెట్టేది. ఒక్క చలికి రైతుకి మూడు ఫోన్లు. ఆ గడువుని రెండు నిమిషాలకి పెంచాక ఆ గొడవ తీరింది. రెండో తంటా డిసెంబర్లో వచ్చింది. ఒక రోజంతా నెట్ పోయి, తిరిగొచ్చాక పాత చీటీలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఎండ కాస్తున్న మధ్యాహ్నం పూట, ఎప్పుడో ముందు రోజు చలికి అరవై మంది రైతులకి ఫోన్లు మోగాయి. సంఘం మీటింగులో సు-యిన్‌ని నిలబెట్టి కడిగేశారు. అందుకని సోమవారం సాయంత్రం ఆమె కొత్త నియమం ఒకటి పెట్టింది: గంట కంటే పాత చీటీ వస్తే ఫోన్ చేయొద్దు, రిజిస్టర్లో రాయొద్దు, చూడగానే చింపెయ్.

ఇక మంగళవారం పొద్దుటికి క్యూ ఖాళీ. వచ్చిన చీటీ వచ్చినట్టు అయిపోతోంది. హోంగ్ గారు వెనక నిలబడి టీ చప్పరిస్తూ, "శభాషమ్మా. ఇంత ప్రశాంతంగా ఈ ఆఫీసు నేను చూళ్ళేదు," అన్నారు.

సు-యిన్‌కి ఆ మెప్పుదల కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. పదిహేడో చెరువు బూన్-తో ఆ పొద్దున బస్సెక్కి తైనాన్ పట్నం వెళ్ళాడు.

బూన్-తోకి డెబ్భై ఒకటి. ఆయన భార్య సియు-లియెన్‌కి పిత్తాశయంలో రాళ్ళు. బుధవారం పొద్దున్నే ఆపరేషన్. ఆవిడ ఇదివరకు ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడూ, ఒకసారి కాలు విరిగినప్పుడూ ఆసుపత్రిలో ఒక్కతే పడుకుంది. మూడుసార్లూ చలికాలమే. మూడుసార్లూ ఆయన గట్టు మీదే ఉన్నాడు. పెద్దకొడుకు పుట్టిన మూడో రోజున ఒళ్ళంతా చేపల వాసనతో వెళ్ళి పిల్లాణ్ణి చూసొచ్చాడట. "ఆయన మొదటి పెళ్ళాం చెరువు. నేను రెండోదాన్ని," అని ఆవిడ ఊరందరి ముందూ నవ్వుతూనే అంటుంది. వినేవాళ్ళకి మాత్రం నవ్వు రాదు.

ఈసారీ వాతావరణ శాఖ అదే వారం చూసి చలి చెప్పింది. బుధవారం తెల్లారేసరికి ఎనిమిది డిగ్రీలట. శుక్రవారం నాడు బూన్-తో సంఘం ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడితే, సు-యిన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పెదనాన్నా, మీరు పెద్దమ్మతో వెళ్ళండి. నీళ్ళు చల్లబడితే నా ప్రోగ్రామే మీకు ఫోన్ చేస్తుంది. మీరు పక్క చెరువు బీ-హ్వా పిన్నికి ఒక మాట చెప్తే చాలు, ఆవిడ మోటారు వేస్తుంది."

"నీ ప్రోగ్రాము ఒక్క సంగతి ముమ్మారు చెప్పింది. ముసలాడికి చెవుడనుకుందా?"

"అది సరిచేశాను."

"నిన్నటి చలి ఇవ్వాళ చెప్పింది. ఎండలో గొడుగేసుకుని కూచున్నా నేను!"

"అదీ సరిచేస్తున్నా. సోమవారానికల్లా అయిపోద్ది. నా మాట నమ్మండి."

బూన్-తో మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచాడు. "సరే. నువ్వన్నావు కాబట్టి వెళ్తా. రాత్రికి అక్కడే ఉంటా. లియెన్‌తో కూడా చెప్పేస్తా."

హోంగ్ గారు ఆ మాట విని టీ కప్పు కింద పెట్టేశారు. ఆయనకి తెలిసిన ముప్పై ఏళ్ళలో చలిగాలికి బూన్-తో గట్టు దిగడం అదే మొదలు. సు-యిన్ ఆ శని, ఆది వారాలు కూడా ఆఫీసుకొచ్చి పని చేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆమె చేప గంజి తింటూ ఉంటే ఫోన్ మోగింది. బూన్-తో.

"అమ్మాయ్! నీ మిషన్ బంగారమే!" ఆయన గొంతు ఆసుపత్రి వార్డంతా వినపడేలా ఉంది. "పొద్దుటి నుంచి ఒక్క కూత కూయలేదు. మా చేపలు హాయిగా నిద్రపోతున్నట్టున్నాయి. ఇదిగో మీ పెద్దమ్మకీ అదే చెప్తున్నా."

"సంతోషం పెదనాన్నా," అంది సు-యిన్. అంటూనే చెంచా గిన్నెలో వదిలేసింది.

కిటికీ బయట ఉత్తరపు గాలికి సంఘం జెండా టపటపా కొట్టుకుంటోంది. పొద్దుటి నుంచి ప్రోగ్రామ్ పంతొమ్మిది మంది రైతులకి ఫోన్ చేసింది. పదిహేడో చెరువు ఆ వరసలో అన్నిటికంటే లోతు తక్కువది, ఉత్తరం అంచున ఉన్నది. ఏ చలికైనా మొదట ఏడ్చేది అదే. మిగతా చెరువులు ఏడుస్తుంటే అది హాయిగా నిద్రపోవడమా?

"మళ్ళీ చేస్తా పెదనాన్నా," అని పెట్టేసి రిజిస్టర్ తెరిచింది. పదిహేడో చెరువు వెతికింది. సోమవారం సాయంత్రం ఆరు గంటల ఐదు నిమిషాలకి ఆఖరి వరస. ఆ తర్వాత ఒక్క చీటీ కూడా లేదు. దాదాపు ఇరవై గంటలుగా ఆ చెరువు రిజిస్టర్‌లోనే లేదు. ఇంకా వెతికితే అలాంటివి ఐదు చెరువులు బయటపడ్డాయి. పదిహేడు, ఇరవై, ఇరవై ఒకటి, ముప్పై మూడు, నలభై.

పెట్టెలు పాడయ్యాయా అనుకుంది. ఐదూ ఒకే నిమిషానికి పాడవ్వవు. సోమవారం ఆరు దాటాక జరిగింది ఒక్కటే, తను కొత్త నియమం పెట్టడం. పాతవని చింపేసిన చీటీలెన్నో ప్రోగ్రామ్ ఒక మూల లెక్క రాసుకుంటుంది. ఆ మూలకి వెళ్ళి చూసింది. పదకొండు వందల చిల్లర చింపింది. పక్కనే, ఆఖరుగా చింపిన చీటీ వయసు: పంతొమ్మిది వందల పదకొండు సంవత్సరాలు.

సు-యిన్ ఆ అంకెని రెండుసార్లు చదివింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

ఆ చీటీ మీద తేదీలో సంవత్సరం 115 అని ఉంది. తప్పేమీ కాదు. అది తైవాన్ సంవత్సరం. గణతంత్రం వచ్చినప్పటి నుంచి లెక్క. పన్ను రసీదు మీదా, పెళ్ళి రిజిస్టర్ మీదా, ఆసుపత్రి చీటీ మీదా, సంఘం హాజరు పట్టీ మీదా అదే రాస్తారు. అదే పొద్దున సు-యిన్ కూడా హాజరు పట్టీలో 115 అని రాసే సంతకం పెట్టింది. దానికి 1911 కలిపితే బయటి లోకం వాడే 2026 వస్తుందని చంటిపిల్లలకీ తెలుసు. ప్రోగ్రామ్‌కి తెలీదు. యేసు పుట్టిన నూట పదిహేనేళ్ళకి ఎవరో రాసిన చీటీ అనుకుని, గంట కంటే పాతది కదా అని చింపి పారేసింది. సోమవారం దాకా చీటీ వయసు ఎవరూ అడగలేదు కాబట్టి ఏ సంవత్సరం రాసినా చెల్లిపోయింది.

పెట్టెలు బిగించినప్పుడు అన్నిట్లోనూ 2025 అని తనే పెట్టింది. మరి ఈ ఐదింట్లో ఎవరు మార్చారు? అదీ గుర్తొచ్చింది. జనవరి మొదట్లో ఐదు పెట్టెల బ్యాటరీలు అయిపోతే, "ఆ పిల్లని పిలవడం దేనికి, నేను మార్చలేనా?" అని బూన్-తోయే స్క్రూడ్రైవర్ పట్టుకుని తన చెరువుతో పాటు స్నేహితులవీ మార్చేశాడు. బ్యాటరీ మార్చగానే పెట్టె తేదీ అడుగుతుంది. ఆయన ఏం పెడతాడు? డెబ్భై ఏళ్ళుగా రాస్తున్నదే పెట్టాడు.

నలుగురు రైతులకి గబగబా ఫోన్లు చేసింది. ముగ్గురు గట్టు మీదే ఉన్నారు. నాలుగోవాడు, "మా చెరువు లోతెక్కువ, ఇంకా పదహారుంది. నువ్వేం కంగారు పడకు," అన్నాడు. మిగిలింది పదిహేడు. దాని మనిషి నలభై కిలోమీటర్ల అవతల పెళ్ళాం మంచం పక్కన కూర్చుని, ఫోన్ మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటున్నాడు. చీటీలన్నీ ప్రోగ్రామ్ చింపేసింది. నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో ఇప్పుడు క్యూకీ తెలీదు, సు-యిన్‌కీ తెలీదు. బీ-హ్వాకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

లాప్‌టాప్ సంచిలో కుక్కుకుని పరుగెత్తింది. స్కూటర్ మీద ఆ చెరువు పన్నెండు నిమిషాలు. ఎదురుగాలికి ఇరవై పట్టింది. దారంతా ఆమెకి కళ్ళ ముందు ఎనిమిది వేల తెల్లటి పొట్టలే కనిపించాయి. ఆయన ఇన్నేళ్ళకి ఒక్కసారి గట్టు దిగాడు, అదీ తన మాట మీద. చేపలు పోతే ఇంకో ఏడాదికి పెంచుకుంటాడేమో. కానీ ఇంకెప్పుడూ ఆసుపత్రికి వెళ్ళడు. భార్య కూడా రమ్మని అడగదు.

గట్టు మలుపు తిరుగుతుండగానే చప్పుడు వినిపించింది. డుగుడుగుడుగుమని మోటారు మోగుతోంది.

స్కూటర్ స్టాండు కూడా సరిగ్గా వేయకుండా దిగింది. పదిహేడో చెరువు మోటారే. లావుపాటి గొట్టంలోంచి ఆవిర్లు కక్కుతూ వెచ్చటి నీళ్ళు చెరువులో పడుతున్నాయి. ఆ మూలకి చేపలన్నీ చేరి నల్లగా మూగి ఉన్నాయి, ఒక్కటి కూడా తేలలేదు. రైతులు నీళ్ళలో వేలాడదీసుకునే పాత థర్మామీటర్ తాడు లాగి చూసింది. పదిహేను దాటి ఉంది. సు-యిన్ గట్టు మీద అలాగే చతికిలబడింది. హమ్మయ్య అని పైకే అనేసింది. ఒకసారి సరిపోక మళ్ళీ అంది.

పక్క చెరువు రేకుల షెడ్డులోంచి బీ-హ్వా వచ్చింది. చేతులకి రబ్బరు తొడుగులు, ఒక చేతిలో ఆల్చిప్పలు తెరిచే చిన్న కత్తి. అరవై ఏళ్ళ మనిషి, నోరు మాత్రం ఆ కత్తి కంటే పదును.

"ఏంటే పిల్లా, మట్టిలో కూచున్నావు? స్కూటర్ మీంచి పడ్డావా?"

"మోటారు మీరే వేశారా పిన్నీ? దేవుడిలా..."

"నేనా? నాకెవరు చెప్పారు? పొద్దున బస్సెక్కే ముందు ఆ ముసలాడే వేసి పోయాడు. డీజిలు కూడా సాయంత్రం ఆరింటిదాకా సరిపోయేలా కొలిచి మరీ పోశాడు."

సు-యిన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఆరింటి తర్వాత?"

"ఐదింటి బస్సుకి వచ్చేస్తాడుగా."

"రాత్రికి అక్కడే ఉంటానన్నారు!"

"పెళ్ళాంతో అన్నాడు, నీతో అన్నాడు. చేపలతో అనలేదు." బీ-హ్వా పకపకా నవ్వింది. "నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరితోనూ చెప్పొద్దన్నాడు. నేను చెప్పినట్టు చెప్పకు మరి."

సు-యిన్‌కి నెత్తిన పాలు పోసినట్టుంది, నిజం. చెంప మీద కొట్టినట్టూ ఉంది, అదీ నిజం. ఆయన తన మాట నమ్మలేదు కాబట్టే ఎనిమిది వేల చేపలు బతికాయి. నమ్మి ఉంటే ఈపాటికి చచ్చేవి. దీనికి సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక రెండూ పడింది. కోపం కూడా కాస్త వచ్చింది గానీ, ఎవరి మీద పడాలో తెలీక అది దానంతటదే పోయింది.

ఫోన్ తీసింది. కావాలంటే ఆ రోజు జరిగిందంతా దాచేయొచ్చు. చేపలు క్షేమం, ఎవరికీ ఏమీ తెలీదు, గుట్టుగా ప్రోగ్రామ్ సరిచేస్తే సరి. ఈ ఆలోచన ఆమెకి రాలేదని నేను అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ వేలు అప్పటికే నంబరు నొక్కేసింది.

"పెదనాన్నా, నేను మీ గట్టు మీదున్నా."

ఆయన గొంతు తగ్గించి, "ఒక్క నిమిషం, వరండాలోకొస్తా," అన్నాడు. తలుపు చప్పుడు వినిపించింది. "చేపలెలా ఉన్నాయి?"

"బాగున్నాయి. మీరు వేసిన మోటారు వల్ల. నా మిషన్ నిన్న సాయంత్రం నుంచి మీ చెరువుని చూడ్డమే మానేసింది. చీటీలన్నీ చింపేసింది. తప్పు నాది. మీరు ఇందాక నన్ను మెచ్చుకున్నప్పుడు తెలిసింది."

"మెచ్చుకోడానికి చేశాననుకున్నావా? మోటారు ఆగిందో ఏమో, ఒక్క కూతా లేదేంటని నా ప్రాణం కొట్టుకుంటోంది. మీ పెద్దమ్మ పక్కనుంది కదా, అలా అడిగా."

సు-యిన్‌కి నవ్వొచ్చింది. "మరి నన్ను నమ్మి వెళ్తున్నానన్నారు?"

"నమ్మలేదని మొహం మీద చెప్పాలేంటి? పిల్లవి శని, ఆదివారాలు కూడా కూచుని చేస్తున్నావు. ఇంతకీ ఎందుకు చింపింది?"

ఆమె చెప్పింది. పెట్టెలో 115 అని ఉంది, ప్రోగ్రామ్ దాన్ని రెండు వేల ఏళ్ళ నాటి పాత చీటీ అనుకుంది.

"ఇది 115 కాదా?" బూన్-తో గొంతు లేచింది. "నువ్వు ఏ సంవత్సరంలో ఉన్నావమ్మా?"

"115లోనే ఉన్నా పెదనాన్నా. మీరు పెట్టింది తప్పు కాదు. దానికి నేను నేర్పలేదు."

"అంతే కదా మరి. నేనింకా ఏదో పాడు చేశాననుకున్నా." ఆయన గొంతులో భారం దిగినట్టు తెలిసిపోయింది. "సరేలే. ఐదింటి బస్సుకి వచ్చేస్తున్నా. మీ పెద్దమ్మకి ఏదో ఒకటి చెప్తా."

"ఆగండి. ఒక్క గంట టైమివ్వండి. అప్పటికీ మీకు నమ్మకం కుదరకపోతే బస్సెక్కండి, నేనేం అనుకోను."

"నాలుగున్నర దాటితే బస్టాండుకి అందుకోలేను."

"నాలుగున్నరకల్లా చేస్తా."

మోటారు షెడ్డులో మేత డబ్బా ఒకటి బోర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టింది. నెట్‌కి తన ఫోనే దిక్కు. పెట్టెలో తేదీ మార్చడం రెండు నిమిషాల పని. మార్చితే ఇవాళ్టికి గండం గడుస్తుంది. కానీ రేపు ఇంకో బ్యాటరీ అయిపోతే, ఇంకో పెదనాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్ళీ 115 అనే పెడతాడు. పెట్టాలి కూడా. ఆయన సంవత్సరం అది. మారాల్సింది ప్రోగ్రామే. సంవత్సరం వెయ్యి కంటే తక్కువుంటే 1911 కలుపుకో అని రాసింది. తర్వాత సోమవారం నాటి నియమాన్ని చెరిపేసింది. పాతగా కనిపించినా, అర్థం కాకపోయినా, ఏ చీటీనీ చింపొద్దు. పక్కన ఇంకో క్యూ పెడుతున్నా, అందులో వేసి వెంటనే నాకు ఫోన్ చెయ్ అని రాసింది. తెలీనిదాన్ని పారెయ్యమని చెప్పినప్పుడు తన బుద్ధి ఏమైందో అనుకుంది. చివరగా పదిహేడో చెరువు కింద రెండో ఫోన్ నంబరు చేర్చింది.

"నా నంబరు ఎందుకే?" అంది బీ-హ్వా వెనకనుంచి తొంగి చూస్తూ.

"ఆయనకి ఫోన్ వెళ్ళినప్పుడే మీకూ వస్తుంది. మీరు వచ్చి మోటారు వేయాలి. వేస్తారా?"

"వేయక? ఆయన మూడేళ్ళ కిందట నా చెరువుకి రెండు రోజులు తోడాడు. అడిగితే కదా చెప్పేది. ఈ మగాళ్ళకి అడగడానికి నోరు రాదు." కత్తి గోడకి చెక్కి తొడుగులు విప్పింది. "డీజిలు నా దగ్గరుంది. నువ్వా మిషన్ పని చూడు."

అంతా అయ్యేసరికి నాలుగూ ఐదు. పని చేస్తోందని తెలియాలంటే చెరువు చల్లబడేదాకా ఆగాలి. అంత టైము లేదు. "పిన్నీ, ఐసుందా?" అని అడిగింది. బీ-హ్వా ఆల్చిప్పల పెట్టెలోంచి ఐసు తెచ్చి బకెట్లో కుమ్మరించి నీళ్ళు పోసింది. సు-యిన్ చెరువులోంచి సూది లాగి బకెట్లో ముంచి, బూన్-తోకి ఫోన్ చేసింది.

"ఐదు నిమిషాల్లో మీకు ఫోన్ వస్తుంది. ఇది బకెట్టు, చెరువు కాదు. కంగారు పడకండి."

"నేనెందుకు కంగారు పడతా?"

ఇద్దరాడవాళ్ళూ గట్టు మీద గొంతుక్కూర్చుని బకెట్ వంక చూస్తూ ఉన్నారు. గాలికి ఉత్తరపు గట్టు మీది ప్లాస్టిక్ పట్టాలు ఉబ్బి ఆడుతున్నాయి. నిమిషాలు కదలవే! సు-యిన్ గోరు కొరకడం మొదలెట్టింది. బీ-హ్వా చేతి మీద ఒకటేసింది.

బీ-హ్వా జేబులో ఫోన్ మోగింది. పెద్దగా పెట్టి ఎత్తింది. అందులోంచి సు-యిన్ గొంతే వచ్చింది. ముసలాళ్ళకి అర్థమవ్వాలని ఊరి మాటలో తనే రికార్డు చేసింది ఎప్పుడో. "పదిహేడో చెరువు. నీళ్ళు మూడు డిగ్రీలు. మోటారు వేయండి."

"నువ్విక్కడే ఉన్నావు, అక్కడ నుంచి మాట్లాడుతున్నావు. దెయ్యానివి," అంది బీ-హ్వా. సు-యిన్ ఆవిడ మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంది.

వెంటనే సు-యిన్ ఫోన్ కూడా మోగింది. బూన్-తో నంబరే గానీ ఆడగొంతు. సియు-లియెన్.

"అమ్మాయ్, ఏం చేశావే ఈయన్ని? ఎవరో మూడు డిగ్రీలు అనేసరికి మంచం మీంచి లేచి నిలబడ్డాడు. ఫోన్లో గొంతుకి 'సరేనమ్మా, వేస్తా వేస్తా' అని జవాబులు చెప్తున్నాడు. నర్సు కంగారు పడి వచ్చింది."

"అది బకెట్టు పెద్దమ్మా. చేపలు బాగున్నాయి. పని చేస్తుందా లేదా అని చూశాం."

"మరి చేస్తోందా?"

"ఇప్పుడు చేస్తోంది. పొద్దున చేయలేదు. ఇప్పుడు నీళ్ళు చల్లబడితే మీకూ తెలుస్తుంది, బీ-హ్వా పిన్నికీ తెలుస్తుంది. పిన్ని మోటారు వేస్తుంది."

అవతల ఆవిడ ఫోన్ పక్కకి పెట్టి ఏదో అంది. బూన్-తో ఏదో గొణిగాడు. తర్వాత ఆయన గొంతు దూరం నుంచే స్పష్టంగా వినిపించింది. "తప్పు జరిగిందని తనే ఫోన్ చేసి చెప్పింది లియెన్. దాచలేదు. ఈ పిల్ల చెప్తే ఇక నమ్మొచ్చు."

సియు-లియెన్ మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చింది. ఇప్పుడు గొంతు బాగా తగ్గించింది, పక్కనున్న మనిషికి వినపడకూడదన్నట్టు.

"నాకు తెలీదనుకున్నాడే ఐదింటి బస్సు సంగతి. పొద్దున వచ్చినవాడు వచ్చినట్టే బూట్లతో కూచున్నాడు. అన్నం తిన్నా బూట్లే, కాస్త నడుం వాల్చినా బూట్లే. నేను చూస్తూనే ఉన్నా, అడగలేదు. అడిగితే ఏం చెప్తాడు పాపం." ఏదో కింద పడ్డ చప్పుడు, ఆ వెంటనే ఇంకోటి. "ఇదిగో, ఇప్పుడు విప్పుతున్నాడు."

సు-యిన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బీ-హ్వా చూడకుండా మొహం గాలి వైపు తిప్పుకుని, "పడుకోండి పెద్దమ్మా, ఇక్కడ మేమున్నాం," అని చెప్పి, బకెట్లోంచి సూది తీసి చెరువులోకి వదిలింది.